రొయ్యల చెరువు గట్టు వలల్లో పాములు చచ్చిపోతున్నాయి, ఏం చేయాలి?

కైకలూరు కుర్రాడు: మా వైపు పీతలు, పాములు లోపలికి రాకుండా చెరువు గట్ల చుట్టూ నైలాన్ వల కడుతున్నారు. జెర్రిపోతులు, నీరుకట్టెలు అందులో చిక్కుకుని ఎండకు చచ్చిపోతున్నాయి. ప్రాణంతో ఉన్నవాటిని కర్రతో కొట్టేస్తున్నారు. ఊళ్లో కొంతమందిమి కలిసి ఆపుదామనుకుంటున్నాం. వల తీసేయమంటే రైతులు ఒప్పుకోరండీ.

గట్టు రైతు: తీసేయమని అడగొద్దు, వల బదులు షీటు వేయమనండి. తల దూరి నడుం పట్టని వల రంధ్రంలోనే పాము ఇరుక్కుంటుంది. పొలుసుల అంచులు తోకవైపు తెరుచుకుని ఉంటాయి, వెనక్కి జరిగితే దారం వాటి కిందకి దిగుతుంది. అందుకే ముందుకే తోసుకుని ఇంకా బిగించుకుంటుంది. నున్నటి పాలిథిన్ షీటు రెండడుగుల ఎత్తున, అడుగు భాగం అరడుగు మట్టిలో పూడ్చి, ముడతల్లేకుండా బిగిస్తే పీత కూడా ఎక్కలేదు. గుంజలు షీటుకు లోపలివైపే ఉండాలి, బయట ఉంటే పీతకు నిచ్చెన వేసినట్టే. పెద్ద జెర్రిపోతు దాటొచ్చు, దాటనివ్వండి. అది వచ్చేది ఎలకల కోసం. గట్టుకు బొక్కలు పెట్టి నీళ్లు కారబెట్టేది ఆ ఎలకలే. రైతుకు ముందు ఈ మాటే చెప్పండి, పాపం పుణ్యం తర్వాత. గట్టు మీద పడేసిన పాత వల ముక్కలు కూడా ఏరించండి, చిక్కుకోవడానికి అవీ చాలు.

పాముల రక్షణ వాలంటీరు: చిక్కినదాన్ని పొద్దున్నే చూడాలి, ఎండెక్కితే బతకదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర అని ఏమాత్రం అనుమానమున్నా ముట్టుకోకండి. దూరం నుంచి గడకర్రతో తడి గోనెసంచి నీడ పట్టి, అటవీశాఖకో శిక్షణ ఉన్నవాళ్లకో ఫోన్ చేయండి. విడిపించేవాళ్లు ముందు చుట్టూ అడుగు దూరంలో వల కోసి పామును వేరుచేయాలి. తలను పారదర్శక గొట్టంలోకి పోనిచ్చి, మొద్దు మొనల కత్తెరను ఒంటికి ఆనించి ఒక్కో పోగు తెంపాలి. లాగొద్దు, చర్మం ఊడొస్తుంది. పోగులన్నీ తెంపామనుకున్నాక తల నుంచి తోక వైపు వేలితో తడమండి, చర్మం మడతలో ఒక పోగు మిగిలిపోతుంటుంది. అదే తర్వాత కోసుకుపోయి కుళ్లిస్తుంది. చర్మం తెగినా, వాచినా పశువైద్యుడికి చూపించాకే వదలాలి.

కైకలూరు కుర్రాడు: రక్తపింజరను మాత్రం చంపక తప్పదంటున్నారు.

పాముల రక్షణ వాలంటీరు: కర్ర పట్టుకుని దగ్గరికెళ్లినా కాట్లు పడతాయి తమ్ముడూ. వదిలేస్తే అదే పోతుంది. పైగా 1972 వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు మొదటి షెడ్యూల్లోకి, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోకి వచ్చాయి. ఉడుమూ అందులోనిదే. రాత్రి మేత వేసేవాళ్లకు టార్చి, గమ్‌బూట్లు ఇప్పించండి. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోయొద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. మందు ఒకటే, నాగుపాము, కట్లపాము, రక్తపింజర కాట్లకీ చిన్నపింజర కాటుకీ అదే పనిచేస్తుంది. విషానికి మందు నిల్వ ఉన్న ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని, ఆ నంబరు ప్రతి చెరువు షెడ్డు గోడ మీదా రాయించండి.