కొత్త స్ట్రింగ్ లూప్ గాడిలో కూర్చుంటలేదు. లాగిన విల్లును వదలకుండా ఎట్ల దింపాలె?

నల్లగొండ_రికర్వ్:
అన్నలకు నమస్తే. 25 అంగుళాల రైజర్ (నడుమ పిడి భాగం), మీడియం లింబ్స్ (పైనా కిందా వంగే రెక్కలు), మొత్తం 68 అంగుళాల విల్లు, లాగే బరువు 28 పౌండ్లు. కొత్త స్ట్రింగ్ ఎక్కిస్తే పై లూప్ (స్ట్రింగ్ కొసనున్న ఉచ్చు) లింబ్ కొస గాడి దాక వచ్చి బిగుసుకుంటున్నది. ఒక పక్క గాడిల దిగుతది, ఇంకో పక్క అంచు మీదనే నిలబడుతది. కింది లూప్ ఏమో వదులు, విల్లు విప్పంగనే జారి పడుతది. బ్రేస్ హైట్ (పిడి నుంచి స్ట్రింగ్ దాక దూరం) 7¾ అంగుళాలే వస్తున్నది. ఇట్లనే వాడొచ్చా?
ఇంకోటి. పిల్లలు పూర్తిగ లాగినంక ఎవరన్న టార్గెట్ దిక్కు నడిస్తే ఆపమంటం. వాళ్లకు దింపుడు రాక వేళ్లు వదిలేస్తరేమోనని భయం. సరైన పద్ధతి చెప్పండి.

పాలమూరు_బాణం:
ఇట్లనే వాడొద్దు తమ్మీ. ఒక పక్క అంచు మీద నిలబడ్డ లూప్ సగం లాగినప్పుడైనా జారొచ్చు. అప్పుడు లింబ్ మెలిక పడుతది, లేదా పగులుతది, స్ట్రింగ్ ముఖానికి కొట్టినా కొడుతది.

నువ్వు చెప్పిన రెండు గుర్తులూ కలిపి చూస్తే స్ట్రింగ్ తలకిందులుగా ఎక్కింది. లూపులు రెండూ ఒకే సైజుల ఉండవు. పెద్దది పైకి రావాలె, ఎందుకంటే విల్లు విప్పినప్పుడు అది లింబ్ మీదుగ పిడి దిక్కు జారాలె, అటు పోయేకొద్దీ లింబ్ వెడల్పయితది. చిన్నది కింది గాడిల కదలకుండ ఉండాలె. నడుమ సర్వింగ్ (స్ట్రింగ్ మీద చుట్టిన దారం) చూసినా తెలుస్తది: మామూలుగా బాణం పెట్టే చోటుకు పైన తక్కువ, కింద ఎక్కువ చుట్టి ఉంటది. నీది పైనే ఎక్కువ కనిపిస్తుంటే అనుమానం అక్కర్లేదు. తిప్పి ఎక్కించినంక నాకింగ్ పాయింట్ (స్ట్రింగ్ మీద బాణం తగిలించే చోటి గుర్తు) మళ్లా బో స్క్వేర్ (T ఆకారపు కొలబద్ద) పెట్టి కొలిచి కట్టుకో, పాతది చెల్లదు.

తిప్పినా పై లూప్ పట్టకపోతే లూపే చిన్నది. కొట్టి, గుంజి దింపొద్దు, సర్వింగ్ తెగుతది. లూప్ సరిపోయిందా లేదా అన్నది విల్లు ఎక్కించినంకనే తెలుస్తది. రెండు కాళ్లూ రెండు పక్కల గాడి అడుగుకు దిగి, లింబ్ నడిగీత మీద కలవాలె. చిన్న లూప్ అయితే ఆ కలిసే చోట చీలినట్టు విడిపోతది. మరీ పెద్దదైతే ఆ చోటు లింబ్ మీద బాగా కిందికి పోతది, వదిలినప్పుడల్లా లింబ్‌కు తట్టి చప్పుడొస్తది.

బ్రేస్ హైట్ వేరే సంగతి. 68 అంగుళాల విల్లుకు 8½ నుంచి 9 మధ్యల మొదలుపెట్టు, పిడి లోతు నుంచి స్ట్రింగ్ దాక కొలువు. స్ట్రింగ్ విప్పి, నడుమ సర్వింగ్ బిగుసుకునే దిక్కుకే నాలుగైదు మెలికలు వేసి మళ్లా కొలువు. వ్యతిరేకంగ తిప్పితే సర్వింగ్ వదులైతది. మెలికలు ఎక్కువై స్ట్రింగ్ ముడులు ముడులుగ కనపడితే అది పొడుగు స్ట్రింగ్, మార్చెయ్. 68కి స్ట్రింగ్ పొడవు దాదాపు 64½–65 అంగుళాలు. 70 విల్లుది ఇచ్చిండ్రేమో కొలిచి చూడు.

దేవరకొండ_కోచింగ్:
పైన చెప్పింది ఖరారు. ఒక్కటి కలుపుత: కాలు మధ్యన పెట్టి విల్లు వంచే అలవాటు మానండి, లింబ్స్ మెలిక పడేది ఎక్కువ దాంతోనే. స్ట్రింగర్ (విల్లు వంచే తాడు, ఒక కొసకు సంచి, ఇంకో కొసకు రబ్బరు దిమ్మ ఉంటది) వాడాలె. పెద్ద సంచి కింది టిప్‌కు (లింబ్ కొసకు) తొడిగి, రబ్బరు దిమ్మ పై లూప్‌కు కొంచెం కింద, పిడి దిక్కు పెట్టాలె. తాడును రెండు కాళ్లతో తొక్కి, పిడి పట్టి నిటారుగ పైకి లేపి లూప్‌ను గాడిలకు జరపాలె. మొఖం టిప్ మీదికి వంచొద్దు. వదిలే ముందు వేలితో రెండు గాడులూ తడుముడు తప్పనిసరి.

ఇగ దింపుడు. ఇది పిల్లలకు బాణం వేసుడు కన్నా ముందు నేర్పాలె, 16–20 పౌండ్ల విల్లుతో. బాణం మొన టార్గెట్ మీదనే ఉంచాలె, ఆకాశం దిక్కు లేపొద్దు. మూడు వేళ్ల కొక్కెం అట్లనే బిగించి ఉంచాలె. ఫింగర్ స్లింగ్ (విల్లు పడిపోకుండ వేళ్లకు కట్టుకునే తాడు) ఉంటే విల్లు చెయ్యి తెరిచి ఉంటది కదా, ఆ వేళ్లను మెల్లగ పిడి చుట్టూ మూయాలె. తర్వాత స్ట్రింగ్ చెయ్యి వచ్చిన గీతలనే ముందుకు పోవాలె, విల్లు చేతి మోచెయ్యి కొంచెం వంచితే బరువు తగ్గుతది. స్ట్రింగ్ పూర్తిగ నిలబడ్డంకనే వేళ్లు తీయాలె.

పిల్లలు చేసే తప్పు ఒకటే: మోచెయ్యి పక్కకు పడేస్తరు. స్ట్రింగ్ మెలిక తిరిగి నాక్ (బాణం వెనక కొసన స్ట్రింగ్‌ను పట్టే గాడి) ఊడుతది. ఊడినా, బాణం రెస్ట్ (పిడి పక్కన బాణం ఆనే చోటు) మీంచి పడినా, పని మారదు, అదే గీతల దింపుడే. బాణం పట్టుకోబోవద్దు. బాణం లేకుండ వదిలితే బాణం తీసుకపోవాల్సిన శక్తంత లింబ్స్, లూపుల మీదనే పడుతది.
నాక్ పట్టు కూడ చూడండి. స్ట్రింగ్ అడ్డంగ ఉండేటట్టు విల్లు పట్టుకొని బాణం వేలాడదియ్యి. తన బరువుకే పడొద్దు, స్ట్రింగ్‌ను వేలితో తడితే పడాలె.

నల్లగొండ_రికర్వ్:
తిప్పి ఎక్కించిన, రెండు లూపులూ గాడి అడుగుకు దిగినయ్. 14 మెలికలు వేస్తే 8⅝ వచ్చింది. క్లిక్కర్ (బాణం పూర్తిగ లాగినంక క్లిక్కుమనే రేకు) ఉన్న పిల్లకు ఎట్ల మరి? మా దగ్గర వెదురు విల్లులకు ఇదే రకం స్ట్రింగ్ వాడొచ్చా?

దేవరకొండ_కోచింగ్:
క్లిక్ కాకముందు దింపితే ఇబ్బంది లేదు. క్లిక్ అయినంక దింపితే మొన క్లిక్కర్‌కు తట్టి బాణం రెస్ట్ మీంచి పడొచ్చు. పడనియ్. పోటీల బాణం వేసే గీతకు 3 మీటర్ల ముందున్న గీత లోపల పడ్డ బాణాన్ని వేసినట్టు లెక్కపెట్టరు. బాణం వేసే గీత దాటి తెచ్చుకోబోవద్దు, ఇంకో బాణం తీసుకోవాలె.

పాలమూరు_బాణం:
వెదురుకు డాక్రాన్ (కొంచెం సాగే పాలిస్టర్ దారం) వేయి. కొత్త రకం సాగని దారాలు టిప్స్‌ను కోస్తయ్, గట్టి టిప్స్ ఉన్న రికర్వ్‌కే (కొసలు ముందుకు వంగిన విల్లుకే) అవి. ఎండాకాలం తాళం వేసిన కారుల విల్లు పెట్టొద్దు, లింబ్ పొరల జిగురు వదిలిపోతది.

ఎప్పుడన్న బాణం లేకుండ ఖాళీగ వదిలిండ్రంటే ఆ రోజుకు ఆ విల్లు పక్కన పెట్టు. స్ట్రింగ్ విప్పి, దూది ముక్కతో లింబ్ అంచులు రెండూ కొస దాక తుడువు. దూది పీచు చిక్కుకున్న చోట పగులు ఉన్నట్టే, ఆ లింబ్ మళ్లా ఎక్కించొద్దు.