జాక్ హాబ్స్ సెంచరీలు 197 ఆ, 199 ఆ?

సందేహి: రాత్రి భోజనమైనప్పటి నుంచి కూర్చున్నాను, లెక్క తెగడం లేదు. మా క్లబ్బు ప్రత్యేక సంచికకు ఇంగ్లండ్ క్రికెట్ బ్యాటర్ హాబ్స్ గురించి వ్యాసం రాస్తున్నాను. సీజన్లవారీ పట్టికను నాలుగుసార్లు కూడినా 199 సెంచరీలే వస్తున్నాయి. పుస్తకంలో చూస్తే 197 అని ఉంది. పొరపాటు ఎక్కడుందో దయచేసి ఎవరైనా చెప్పగలరా?

ఆఫ్‌స్టంప్: ఏ పట్టిక? ఏ పుస్తకం?

పాత పిచ్: అంకెల మాట అలా ఉంచండి. 1908 జనవరి 1న మెల్‌బోర్న్‌లో మొదలుపెట్టి 1930లో ఓవల్‌లో ముగించేదాకా, నడుమ యుద్ధం నాలుగు వేసవులను మింగేసినా, వానకు తడిసిన పిచ్‌ల మీద సైతం ఆడుతూ, ఆయన 61 టెస్టుల్లో 56.94 సగటుతో 5,410 పరుగులు చేశారు. 46వ ఏట మెల్‌బోర్న్‌లోనే 142 కొట్టారు. రాయవలసింది అది.

సందేహి: నేనడిగింది టెస్టుల సంగతి కాదండీ, మొత్తం ఫస్ట్‌క్లాస్ (టెస్టులతో పాటు కౌంటీల వంటి పెద్ద జట్ల మ్యాచ్‌లు) సెంచరీల సంగతి.

ఆఫ్‌స్టంప్: పట్టికలో 1930-31 భారత్, సిలోన్ అనే వరుస ఉందా?

సందేహి: ఉంది. అది ఉండేదే కదా అని చెప్పలేదు.

స్కోరుపుస్తకం: చిక్కంతా ఆ వరుసలోనే ఉంది. ఆ ఏడాది విజయనగరం మహారాజా హాబ్స్‌ను, ఆయన జోడీ ఓపెనర్ సట్‌క్లిఫ్‌ను పిలిపించి తన జట్టులో ఆడించారు. ఆ మ్యాచ్‌లను ఫస్ట్‌క్లాస్‌గా ఒప్పుకోని విజ్డెన్ (ఏటా వచ్చే ఇంగ్లండ్ క్రికెట్ గ్రంథం) లెక్కలో 61,237 పరుగులు, 197 సెంచరీలు; ఒప్పుకున్న గణాంకవేత్తల లెక్కలో 61,760 పరుగులు, 199 సెంచరీలు. ఫస్ట్‌క్లాస్ అంటే ఏమిటో ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్స్ (నేటి ఐసీసీ) 1947లో నిర్వచించింది గాని, వెనకటి మ్యాచ్‌లకు దానిని వర్తింపజేయలేదు. కాబట్టి ఈ తగవు తీరేది కాదు.

విజయనగరం వాసి: మహారాజా కాదు, మహారాజ్‌కుమార్. విజ్జీ అని పిలిచే ఆయన, రాజుగారి రెండో కుమారుడు. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకు కెప్టెన్ అయ్యారే తప్ప విజయనగరం గద్దె ఎక్కలేదు. రాసేవారు ఈ తేడా తెలుసుకుని రాయాలి.

స్కోరుపుస్తకం: సరే, మహారాజ్‌కుమారే. అంతమాత్రాన రెండు సెంచరీలు అటూ ఇటూ కావు కదా.

పాత పిచ్: 1925లో టాంటన్‌లో సోమర్సెట్ మీద రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు చేసి, పాత తరం ఇంగ్లండ్ బ్యాటర్ డబ్ల్యూ.జి. గ్రేస్ 126 సెంచరీల రికార్డును అందుకుని దాటినప్పుడు ఇంగ్లండంతా సంబరపడింది. ఇప్పుడు గ్రేస్‌వి 124 మాత్రమే అనేవారున్నారు. అలాగైతే సంబరం ఆలస్యంగా జరిగిందనుకోవాలా?

సందేహి: 197 అని వేసి, పక్కన నక్షత్రం గుర్తు పెట్టి పంపేశాను. ధన్యవాదాలు.

ఆఫ్‌స్టంప్: సగటు 197కు తగ్గట్టు 50.65 అని రాశారా, మీ పట్టికలో 199తో వచ్చే 50.70 అలాగే ఉంచేశారా?