పీహెచ్‌డీ సీటు ఎందుకు రాలేదో యూనివర్సిటీని అడిగితే చెప్తారా?

మానుకోట కెమిస్ట్రీ:
ఒక సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీకి అప్లై చేశాను. రాతపరీక్ష గట్టెక్కింది, ఇంటర్వ్యూకి పిలిచారు. 12 నిమిషాల్లో పంపించేశారు. ఒక ప్రశ్నకి తడబడ్డాను, అదే ఇప్పటికీ తొలుస్తోంది. నిన్న లాగిన్ అయితే 'నాట్ సెలెక్టెడ్' అని రెండే ముక్కలు. ఆఫీసుకి ఫోన్ చేస్తే 'వెబ్‌సైట్ చూసుకోమ్మా' అన్నారు. అది చూసే కదా ఫోన్ చేసింది! రాతపరీక్షలో నాకంటే తక్కువొచ్చిన మా క్లాస్‌మేట్‌కి సీటొచ్చింది. నాన్న రోజూ కొట్టు కట్టేసి వచ్చి 'ఏమన్న చెప్పిన్రా బిడ్డా' అంటాడు. తెలుసుకునే దారేమైనా ఉందా?

పది రూపాయల అర్జీ:
ఉంది తల్లీ. సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి 2005 సమాచార హక్కు చట్టం కిందికొస్తుంది. ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో 10 రూపాయలు కట్టి అర్జీ పెట్టు. కానీ 'సీటెందుకివ్వలేదు' అని మాత్రం రాయకు. కాగితం మీద ఉన్నదే ఇస్తారు, 'ఎందుకు' అనేది ఏ ఫైల్లోనూ ఉండదు. రాతపరీక్షలో నా మార్కులెన్ని, ఇంటర్వ్యూలో ఎన్ని, నన్ను ఏ కేటగిరీలో లెక్కేశారు, అందులో ఆఖరి సీటు ఎన్ని మార్కుల దగ్గర ఆగింది... ఇలా అడుగు. జవాబుపత్రం నకలు కూడా. అది చూసుకునే హక్కు అభ్యర్థికి ఉందని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది. బోర్డులో ఎవరెన్ని వేశారని పేర్లతో అడిగితే ఇవ్వరు, వదిలెయ్. 30 రోజుల్లో జవాబు రాకపోతే అక్కడే పై అధికారికి అప్పీలు చేసుకో, దానికి ఫీజు లేదు.

డాలస్ నుంచి:
నువ్వు అదృష్టవంతురాలివి చెల్లీ. ఇక్కడ విద్యార్థుల రికార్డులకి ఫెర్పా అనే చట్టం ఉంది గానీ, అది కాలేజీలో చేరినవాళ్లకే. కాదన్నవాళ్లకి వర్తించదు. ఎం.ఎస్.కి నన్ను 5 చోట్ల కాదన్నారు. ఒక్కచోట మాత్రం ఎవరో పుణ్యాత్మురాలు మెయిల్‌కి జవాబిచ్చింది: నా ఎస్‌ఓపీలో, అంటే ఇక్కడే ఎందుకు చదవాలనుకుంటున్నానో రాసిచ్చే వ్యాసంలో, పక్క యూనివర్సిటీ పేరుందట.

మీసేవ క్యూ:
ఓబీసీ కింద వేశావా? ఏ సర్టిఫికెట్ పెట్టావు? మన రాష్ట్రం బీసీ సర్టిఫికెట్ సెంట్రల్ యూనివర్సిటీలో చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి. ఎప్పటి తేదీది అడిగారో కూడా నోటిఫికేషన్‌లో చూడు. మా తమ్ముడికి ఒక ఏడాది ఇలాగే పోయింది.

మానుకోట కెమిస్ట్రీ:
అయ్యో అన్నా... ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ అప్పుడు మా అక్క తీసుకున్నట్టే బీసీ-బీ సర్టిఫికెట్ తీసుకుని పెట్టాను. సరే, అర్జీ వేస్తున్నా.

మానుకోట కెమిస్ట్రీ (26 రోజుల తర్వాత):
జవాబొచ్చింది. రాతపరీక్ష 70కి 41, ఇంటర్వ్యూ 30కి 19. కేటగిరీ దగ్గర 'అన్‌రిజర్వ్‌డ్' అని ఉంది. అందులో ఆఖరి సీటు 63 దగ్గర ఆగింది. ఓబీసీలో 57. నాకొచ్చినవి 60.

ఇన్నాళ్లూ ఆ ఒక్క ప్రశ్ననే తిట్టుకున్నా. కాగితం నాన్నకి చూపిస్తే వేలు పెట్టి చదివి, '30కి 19 అంటే మంచిగనే చెప్పినవ్ కదనే' అన్నాడు. సర్టిఫికెట్ సంగతి ఇంకా చెప్పలేదు. రేపు పొద్దున్నే మీసేవకి పోతున్నా.