సమస్యాపూరణం: చెవిటివాఁడు మెచ్చెఁ జెవుల విందు

మొన్న తిరుపతిలో మా మేడమీద అన్నమయ్య అధ్యాత్మ సంకీర్తనలు పెట్టుకున్నాం. పాడలేదు, చదివామంతే. చదివింది మా ఆవిడ. ముందు వరసలో మా మామగారి వినికిడి మిషన్లో బ్యాటరీ అయిపోయింది. ఎవరికీ చెప్పకుండా ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నారు. ఒక చరణం దగ్గర ఆమె ఆగితే, అందరికన్నా ముందు ‘ఆహా’ అన్నది ఆయనే. ఈ వారం సమస్య అలా పుట్టింది. ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇదీ, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి అన్నాను.

చిత్తూరు అక్కయ్య:
పాడలేదు గురువు, పలికె నెమ్మదిగాను;
పెదవి కదలు తీరు విడువకుండఁ
గనుల వినుచు, మోము కాంతి చక్కగఁ జూచి
చెవిటివాఁడు మెచ్చెఁ జెవుల విందు

‘కనుల వినుచు’ దగ్గరే సమస్య విడిపోయింది. ‘చక్కగ’ మాత్రం గణం (పాదంలో అక్షరాల లెక్క) నింపడానికి వచ్చింది. ‘కాంతిలో శ్రుతిఁ జూచి’ అంటే ఎలా ఉంటుందక్కయ్యా?

శ్రీకాళహస్తి మాస్టారు:
రాగిరేకుమీద రాగము పేరుండె;
స్వరము జాడ లేదు, వ్రాత తడిమి,
వ్రేళ్ళ కొసలతోనె వినుచు భావము నెంచి
చెవిటివాఁడు మెచ్చెఁ జెవుల విందు

నాకు బాగా పట్టింది ఇదే. అన్నమయ్య సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గానీ, ఎలా పాడాలో చెప్పే స్వరం లేదు. ఇప్పుడు వినే వరసలు చాలావరకు 20వ శతాబ్దంలో కూర్చినవే. సంగీత విద్వాంసులు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారూ కొన్నిటికి కూర్చారు. రెండో పాదంలో ‘స్వ’కి ‘వ్రా’తో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావలసిన జోడీ) కుదిరింది. అసలు రేకును తడమనిచ్చేదెవరు మాస్టారూ!

పుత్తూరు తమ్ముడు:
ఫోను దించఁ డొకఁడు, పొగడె ‘నాహా’ యని;
పద్యమేది యనినఁ బలుకలేఁడు;
వినెడు మనసు లేక వీనులున్న ఫలమె?
చెవిటివాఁడు మెచ్చెఁ జెవుల విందు

ఆ ఫోనువాడు ఆ రోజు నా పక్కనే ఉన్నాడు, పేరు చెప్పను. యతులు సరే, మూడో పాదం కాస్త నీతిపద్యం అయింది.

తమ్ముడే అడిగాడు, రాగం లేకుండా సంకీర్తన ఏం విందని. పాటలో పల్లవి మామూలుగా అదే వరసలో తిరిగొస్తుంది. చదివేటప్పుడు అలా కాదు. చరణం విన్నాక అదే పల్లవి మొదటిసారి ప్రశ్నలా, రెండోసారి నిట్టూర్పులా పలికింది. మధ్యలో ఆగిన ఆ రెండు క్షణాల్లోనే నాకు అర్థం తెలిసింది.

కొత్త బ్యాటరీ వేశాక మూడు పూరణలూ మామగారికి వినిపించాను. అంతా విని, “మా అమ్మాయి చదివితే గురువు అంటారేం అల్లుడుగారూ?” అన్నారు.