అప్‌డేట్: సీజెడ్ 457 రైఫిల్‌కి ఛాసీ వేశాను

అక్టోబరులో అడిగాను గుర్తుందా? వానలు మొదలైతే నా .22 బోల్ట్ యాక్షన్ సీజెడ్ 457 తూటాలు పక్కకు పెడుతోంది, చెక్క స్టాక్ (బ్యారెల్‌ను మోస్తూ భుజానికి ఆనే భాగం) తీసేసి దాని బదులు అల్యూమినియం చట్రం, అదే ఛాసీ, వేయనా అని. చాలామంది "వేసెయ్ అన్నా" అన్నారు. ఒకాయన మాత్రం ముందు నోటు పరీక్ష చేయమన్నారు.

చేశాను. బోల్ట్ తీసేసి, బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య పది రూపాయల నోటు దూర్చి లాగితే సగం దారిలో ఇరుక్కుంది. అడ్డం లేకుండా జారాలి అది. నెల్లూరు వానలకు చెక్క ఉబ్బి బ్యారెల్‌ను తాకుతోందన్నమాట, తూటాలు పక్కకు పోయేది అందుకే. కార్తీకంలో మా ఇంటి తలుపులే సరిగా మూసుకోవు, నాకు ముందే తట్టాల్సింది!

ఆ చెక్కను లోపల గీకిస్తే సరిపోయేదేమో. కానీ వచ్చే వానలకు మళ్లీ అదే గొడవ, అందుకే ఛాసీయే తీసుకున్నాను. చవగ్గా దొరికిందని రెమింగ్టన్ 700 అనే వేరే రైఫిల్ కొలతలది కొనబోయాను. అది 457కి కూర్చోదు. సమయానికి చూసుకున్నాను.

అసలు సుఖం చెంప ఆనే దిమ్మ ఎత్తు మార్చుకోవడంలో ఉంది, స్కోప్ కోసం మెడ సాచక్కర్లేదు. స్క్రూలు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానా) బిగించి, జీరో మళ్లీ చేసుకున్నాను, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సరిచేసుకున్నాను. 50 మీటర్ల టార్గెట్లో పది పాయింట్ల వలయం అడ్డంగా 10.4 మిల్లీమీటర్లే. మొన్న పడుకుని కొట్టిన ఐదులో నాలుగు అందులోనే పడ్డాయి. నిలబడి కొడితే మాత్రం ఛాసీ బరువుకు ఎడమ చేయి లాగేస్తోంది.