తుఫానుకి కరెంటు పోతే ఇన్సులిన్ ఎలా? జనరేటర్ ప్లగ్‌లో పెట్టొచ్చా?

అల్లవరం కోడలు:
మాది అల్లవరం మండలమండి. అత్తయ్యగారికి రెండు పూటలా ఇన్సులిన్. పోయిన తుఫానుకి నాలుగు రోజులు కరెంటు లేదు. ఫ్రిజ్‌లో మందు పనికొస్తుందో లేదో తెలియక భయపడుతూనే వేశాను. ఇన్వర్టర్ ఉంది, 150 ఏహెచ్ బ్యాటరీ. ఈసారి చిన్న జనరేటర్ అద్దెకి తెచ్చి హాల్లో ప్లగ్‌కి కలిపేద్దామంటున్నారు మావారు. ఏమేం చూసుకోవాలి?

రాజోలు పాత లైన్‌మన్:
అమ్మా, ముందు ఆ జనరేటర్ సంగతి. ప్లగ్‌కి కలిపి ఇల్లంతా వెలిగించొద్దు. మీ ఇంట్లో 230 వోల్టులు సర్వీసు వైరు గుండా వెనక్కి పోయి, ట్రాన్స్‌ఫార్మర్ దాటితే అటు పక్క 11 వేల వోల్టులవుతుంది. లైన్లో కరెంటు లేదనుకుని స్తంభమెక్కినవాడికి తగులుతుంది.

1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల్లో పడ్డాయి, లైన్లన్నీ వాటి కిందే. రాత్రింబవళ్లు పనిచేశాం. ఓ రాత్రి ఎల్‌సీ (లైన్లో కరెంటు ఆపించి ఇచ్చే పని అనుమతి) తీసుకుని, అలవాటు కొద్దీ డిశ్చార్జి రాడ్, అంటే లైన్లో ఉన్న కరెంటుని భూమిలోకి దించే కడ్డీ, తగిలించాను. చిటపటమని నిప్పులు రాలాయి! వీధి చివర ఎవరింట్లోనో జనరేటర్ తిరుగుతోంది. రాడ్ లేకుండా చెయ్యి పెట్టుంటే నా పిల్లలకి నేను లేను. అందుకే ఇంతగా చెబుతున్నాను.

లైను కరెంటూ జనరేటరూ ఒకదానితో ఒకటి కలవకుండా చేసే చేంజోవర్ స్విచ్ పెట్టించండి. లేదంటే ఫ్రిజ్ వైరు నేరుగా జనరేటర్‌కే తగిలించండి. జనరేటర్ ఆరుబయట, కిటికీలకి దూరంగా, వాన తగలకుండా ఉండాలి. పంచలో కూడా వద్దు, ఆ పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వైరు మీదకి వాలిన మట్టలుంటే ఇప్పుడే 1912కి చెప్పండి. గెడకి కత్తి కట్టి మీరే కొట్టొద్దు, తడి వెదురులో కరెంటు పారుతుంది.

ఇన్వర్టర్‌తో ఫ్రిజ్ నడపాలని చూడకండి. మీ బ్యాటరీ లెక్కకి (12 వోల్టులు × 150 ఏహెచ్) 1800 వాట్‌అవర్లు, చేతికొచ్చేది 1200 అనుకోండి. 75 వాట్ల ఫ్యాను ఒకటి, 9 వాట్ల బల్బులు రెండు కలిపి పన్నెండు పదమూడు గంటలు నడుస్తాయి. రాత్రికి మూడేసి గంటలు వాడితే నాలుగు రాత్రులు గడుస్తాయి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఎంతుందో చూశారా?

ముమ్మిడివరం నర్సు:
ఇన్సులిన్ గురించి నేను చెప్తానండి. వాడుతున్న సీసాకి ఫ్రిజ్ అక్కర్లేదు. 30 డిగ్రీలు దాటని చోట, ఎండ పడకుండా ఉంచితే చాలా రకాలు సుమారు నాలుగు వారాలు ఆగుతాయి. మీ మందు కాగితంలో ఎన్ని రోజులుందో చూడండి. తెరవని సీసాలకే చల్లదనం కావాలి, 2 నుంచి 8 డిగ్రీలు. వాటి కోసం ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీయకండి.

ఫ్రిజ్ లేనప్పుడు సీసాలు కుండలో పెట్టి, ఆ కుండని తడి ఇసుకలో ఉంచే పద్ధతి మంచిదే కానీ, తుఫాను రోజుల్లో గాలంతా చెమ్మే కాబట్టి కుండ పెద్దగా చల్లబడదు. వాన వెలిసి ఎండ కాశాక బాగా పనిచేస్తుంది. ఐసు ముక్కలకి మాత్రం సీసా ఆనించొద్దు. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగినా పారేయాల్సిందే. షుగర్ మిషన్‌కి స్ట్రిప్పులు ముందే తెచ్చుకోండి. మందు మీద అనుమానమొస్తే అదే చెబుతుంది.

అల్లవరం కోడలు:
బాబాయ్‌గారూ, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. రేపు పొద్దున్నే ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు. బ్యాటరీ చూస్తే నీళ్లు కింది గీత దాకా దిగిపోయి ఉన్నాయండి.

రాజోలు పాత లైన్‌మన్:
ఈ రాత్రే పోయండి తల్లీ, పై గీత దాటకుండా. మేడ మీద ట్యాంకు, గాబు, బిందెలు కూడా నింపేయండి. కరెంటు పోయాక మోటారు తిరగదు.