వాద్యాల మధ్య ఆ మాస్కు ఎందుకు?

ప్రశ్న:
పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచ్ అలంకార చిత్రాలు చూస్తున్నాను, రాగిరేకు మీద చెక్కి అచ్చువేసినవి. ఒకదానిలో రిబ్బనుకు వేలాడుతూ వయొలిన్, టాంబరిన్, తిత్తి ఉన్న ఊదుడు వాద్యం, పిడి తిప్పి వాయించే వియెల్, వాటి మధ్య ఒక మాస్కు. ‘సంగీత నాటకాలకు సంకేతం’ అని పుస్తకాలు తేల్చేస్తాయి. అంతేనా? ఇలాంటి అలంకారం ఉండేది దొరల గోడల మీద కదా, అక్కడ గొర్రెల కాపరి తిత్తి వాద్యానికి ఏం పని?

మొదటి జవాబు:
పాత తంత్రీ వాద్యాలు మరమ్మతు చేస్తాను కాబట్టి నా కన్ను ముందు వాటి మీదే పడుతుంది. ఆ తిత్తికి నోటితో ఊదే గొట్టం ఉందేమో చూడండి. లేకపోతే అది ముసెట్. మోచేతి కింద చిన్న కొలిమితిత్తితో గాలి నింపుతారు, బుగ్గలు ఉబ్బించి ముఖం పాడుచేసుకోనక్కర్లేదు. పట్టు తొడుగు, దంతపు గొట్టాలు! ఏ కాపరి కొనగలడు? 1737లో ఒట్టెటెర్ అనే సంగీతకారుడు దాన్ని నేర్పే పుస్తకమే అచ్చువేశాడు.

వియెల్ సంగతి ఇంకా విచిత్రం. పదిహేడో శతాబ్దంలో జార్జ్ ద లా తూర్ దాన్ని అంధ యాచకుల చేతిలో చిత్రించాడు. తర్వాతి శతాబ్దంలో బాతోన్ అనే వెర్సాయ్ వాద్య నిర్మాత పాత గిటార్ల డొప్పలకే చక్రం బిగించి వియెల్‌లు తయారుచేశాడు, గొప్పింటి స్త్రీలు ముచ్చటపడి నేర్చుకున్నారు. వాద్యం గోడకెక్కింది, యాచకుడు మాత్రం వీధిలోనే ఉన్నాడు. ‘ఇదంతా వేషం’ అని పక్కనున్న మాస్కు చెబుతోందని నా అభిప్రాయం.

రెండో జవాబు:
మరీ లోతుకు వెళ్తున్నారేమో. ఇవి వడ్రంగులకు, వెండిపనివారికి, పింగాణీ మీద బొమ్మలు వేసేవారికి నమూనాలు. ఉక్యే వంటి ప్రచురణకర్తలు వరుసలుగా అచ్చువేసి అమ్మేవారు. మధ్యలో ఖాళీ నింపడానికి మాస్కు అనువైన ఆకారం.

మొదటి జవాబు రాసినవారు:
నమూనానే, కాదనను. అయితే ఇంటి యజమానికి నచ్చనిది వడ్రంగి చెక్కడు కదా! మాస్కుకూ చరిత్ర ఉంది. 1697లో పద్నాలుగో లూయీ, మాస్కులతో ఆడే ఇటాలియన్ నటుల నాటకశాల మూయించాడు. ఆయన పోయాక, 1716లో, బాలరాజు తరఫున పాలిస్తున్న రీజెంట్ ఫిలిప్ కొత్త బృందాన్ని రప్పించాడు. ఆ రోజుల్లోనే పారిస్ ఒపేరాలో మాస్కులు తొడిగే బాల్ నృత్యాలు మొదలయ్యాయి, డబ్బు కట్టి ఎవరైనా వెళ్ళవచ్చు. మీ బొమ్మలోని మాస్కుకు నవ్వుతూ తెరిచిన నోరు ఉంటే అది హాస్య దేవత థాలియాది. నల్లగా, సగం ముఖానికే ఉంటే ఆ ఇటాలియన్ నాటకాల్లోని హాస్యపాత్ర ఆర్లెకాన్‌ది.

ప్రశ్న అడిగినవారు:
నల్లదే, పై పెదవి దగ్గర ఆగిపోయింది. మరి ఈ వియెల్‌ను ఒడిలో పెట్టుకుంటే పిడి ఎడమచేతికి వస్తుంది. చెక్కినవాడికి వాద్యం తెలియదా?

మొదటి జవాబు రాసినవారు:
తెలిసే ఉంటుంది. రేకు మీద చెక్కినది కాగితం మీద కుడి ఎడమలు మారి పడుతుంది. వాయించే మనిషి బొమ్మలో ఉంటే తేడా కొట్టొచ్చినట్టు కనబడేది. ఇక్కడ మనిషే లేడు, ఎవరికి పట్టింది?